దీపాలవేళ బోణి

నాగేంద్రమ్మ నోరు పెద్దది. ఆ మాట ఆమె ఎదుట అనే ధైర్యం మొగుడు బసవయ్యకు కూడా లేదు గానీ, బాన్సువాడ వారపు అంగడిలో ఏ మూల నిలబడినా ఆమె ఎక్కడ కూర్చుందో చెవులే చెప్పేస్తాయి. కాలువ నీళ్లు పారడం మొదలైన కొత్తలో కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి, నస్రుల్లాబాద్ పక్కన భూమి కొనుక్కుని వరి వేసుకున్న వాళ్లలో బసవయ్యదీ ఒక ఇల్లు. వరి సంగతి ఆయన చూసుకునేవాడు. గట్ల వెంట, పెరట్లో, బావి చుట్టూ ఎక్కడ జానెడు జాగా కనబడితే అక్కడ బీర, సొర, వంగ, తోటకూర వేసేది నాగేంద్రమ్మ. అంగడి రోజు తెల్లారేసరికి బండినిండా కూరగాయలు ఎత్తించి, వాటి పక్కన తానూ ఎక్కి కూర్చునేది. బండి తోలడం మాత్రం బసవయ్యకు వదిలేసేది.

అవి యుద్ధం రోజులు. పండిన వడ్లు సర్కారు లెవీ కింద కొలుచుకుపోగా మిగిలినవి తిండికీ విత్తనానికీ బొటాబొటిగా సరిపోయేవి. ఇంట్లోకి ఉప్పు రావాలన్నా, కిరసనాయిలు రావాలన్నా, ఒంటికి గుడ్డ రావాలన్నా కూరగాయలే దిక్కు. అంగడిలో అన్నిటి ధరలూ ఎక్కి కూర్చున్నాయి. కొనేవాళ్ల కూలి మాత్రం కిందనే ఉండిపోయింది.

బాన్సువాడలో నిజానికి ఒకే రోజు రెండు అంగళ్లు జరిగేవి. పొద్దుటి అంగడి షావుకార్ల ఇళ్లది, సర్కారు నౌకర్లది. మంచు తడి ఆరని బీరకాయలు, విరిస్తే టప్పుమనే బెండకాయలు వాళ్ల బుట్టల్లోకి వెళ్లిపోయేవి. రెండో అంగడి దీపాలు పెట్టేవేళ మొదలయ్యేది. అది బీడీలు చుట్టే ఆడవాళ్లది. కార్ఖానా వాడు అంగడి రోజున బీడీ కట్టలు ఒక్కొక్కటీ విప్పి చూసి, బాగాలేనివని కొన్ని పక్కన పారేసి, వారం కూలి చేతిలో పెట్టేసరికి పొద్దు గూకేది. వాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మిగిలేవి పుచ్చు వంకాయలు, ఎండకు వేలాడిపోయిన ఆకుకూర కట్టలు. ధర తగ్గించి ఇచ్చేవాళ్లు, నిజమే. ఆ సరుకుకు అంతకంటే ఎక్కువ ఎవరిస్తారు గనక?

కార్తీకంలో ఒక అంగడి సాయంత్రం నాగేంద్రమ్మ మిగిలిన కట్టలు ముందు వేసుకుని కూర్చుంది. ఒకామె వచ్చి కూర్చుని తోటకూర ఏరుకుంటోంది. పక్కన ఏడెనిమిదేళ్ల పిల్ల తల్లి కొంగు పట్టుకుని, రెండో చేత్తో కట్టలన్నీ తడిమి తడిమి చూస్తోంది.

"ఏయ్ పిల్లా! ఆకంతా నలిపేస్తావేంటి? కళ్లతో చూసి తీసుకోలేవూ?" అని కసిరింది నాగేంద్రమ్మ.

"కనబడ్తలేదవ్వా" అంది ఆ పిల్ల, ఆమె వైపు కాక పక్కనున్న మిరపకాయల కుప్ప వైపు మొహం పెట్టి.

తల్లి పిల్ల చేతిని వెనక్కి లాగింది. "ఏమనుకోకక్కా. పొద్దు గూకినంక దీనికి కనబడది. రేచీకటి. హకీం సాబును అడిగితే దినాం పచ్చటి ఆకుకూర పెట్టుమన్నడు. దినాం యాడికెల్లి తెస్త? అంగడికి వచ్చిన నాడు గీ కట్టలే పెడ్త."

ఆమె పేరు గంగామణి. మొగుడు హన్మండ్లు బొంబాయి బట్టల మిల్లుకు పోయి రెండేళ్లయింది. మొదట్లో ఎవరో ఒకరి చేత పైసలు పంపేవాడు, తర్వాత అదీ లేదు. పిల్ల పేరు పోసాని. ఈ సంగతులన్నీ నాగేంద్రమ్మ కాసేపట్లో అడిగి తెలుసుకుంది. అడగడానికి ఆమెకు మొహమాటం ఎప్పుడూ లేదు.

పిల్లను కసిరినందుకు ఆమెకు లోపల కలుక్కుమంది. ఇంటికని దాచుకున్న లేత తోటకూర కట్టలు, ఒక సొరకాయ తీసి గంగామణి చాటలో పడేసి, "తీసుకోమ్మా, పాపం, పిల్లకు వండిపెట్టు. డబ్బులేం వద్దులే" అంది. అన్నది మంచి మాటే. ఆ నోటితో అనేసరికి సగం అంగడికి వినబడింది. చుట్టూ కూరలు ఏరుతున్న బీడీల ఆడవాళ్లంతా తలలెత్తి గంగామణిని చూశారు.

గంగామణి సొరకాయ తీసి కింద పెట్టింది. లేత కట్టలు తీసి కింద పెట్టింది. అంతకుముందు తాను ఏరుకున్న వాడిన కట్టలు కూడా తీసి పెట్టేసింది.

"నేను బీడీలు చుట్టి బతుకుతున్ననక్కా. బిచ్చమెత్తుకోను రాలే" అని పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. చీకట్లో పిల్ల కాలికి బుట్ట తగిలి తూలింది. తల్లి దాన్ని చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

దారిలో బసవయ్య ఎడ్లను అదిలిస్తూ, "నువ్వు దానం చేసినా తగువాడినట్టే ఉంటుందే" అన్నాడు. ఇంకోరోజైతే ఆయన సంగతి చూసేది. ఆ పూట నాగేంద్రమ్మకు తన ఊరు గుర్తొచ్చింది. తన ఊళ్లో అయితే దడి మీద నుంచి ఇవతలి ఇంటి బీరకాయలు అవతలి ఇంటికి, అవతలి ఇంటి గుమ్మడి ఇవతలి ఇంటికి పోతూనే ఉండేవి, ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. అయితే ఇక్కడ తనకూ గంగామణికీ మధ్య దడి లేదు. తాను బండి మీద వచ్చే మనిషి, ఆమె చాట పట్టుకుని నడిచి వచ్చే మనిషి. ఆ తేడా తనకు ఆ క్షణాన తోచలేదని ఆమెకు సిగ్గేసింది.

తర్వాతి అంగళ్లలో గంగామణి ఆ వరసలోకే రాలేదు. అవతలి వరసలో పిల్లతో పోతుంటే కనబడేది. పిలిస్తే ఇంకా దూరమవుతుందని నాగేంద్రమ్మ మొదటిసారి నోరు కట్టుకుని ఊరుకుంది. నోరు కట్టుకున్న మనిషికి బుర్ర పనిచేస్తుంది గావును, ఆమెకు ఒక ఉపాయం తట్టింది.

అది తట్టింది పక్క దుకాణం లింగయ్య పుణ్యాన. లింగయ్య ఉల్లిగడ్డ, ఎండు మిరపకాయ అమ్మేవాడు. ఒకరోజు పొద్దున్నే ఎవరో బేరమాడి కొనకుండా పోయారని అతను శాపనార్థాలు పెడుతున్నాడు. బోణి పట్టింపు అందరికీ ఉన్నదే. బోణి కానిదే అరువు ఇవ్వరు, ఊరికే ఇవ్వరు. బోణికి వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపరు. వాళ్లు చెప్పిన ధరకు ఎదురు చెప్పరు. ఇచ్చింది ఎంతైనా కళ్లకద్దుకుని తక్కెడకు తాకిస్తారు. ఫలానావాళ్ల చెయ్యి మంచిదని పేరు పడిందంటే వాళ్లు వచ్చేదాకా తక్కెడ బోర్లించి కాచుకుని కూర్చునే వాళ్లు కూడా ఉండేవాళ్లు.

మరుసటి అంగడి నాటి పొద్దున గంగామణి బీడీ కట్టల చాట నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు పోతుంటే నాగేంద్రమ్మ వెళ్లి దారికి అడ్డం నిలబడింది.

"గంగామణీ, ఆ రోజు నేను వాగినదానికి నన్ను తిట్టు, పడతాను. ముందు నాకు బోణి చెయ్యి."

"నేనా? పైసలు మాపటికి గద ఇచ్చేది."

"కొంగున ఎంతుంటే అంతే ఇవ్వు. ఆ రోజు నువ్వు ముట్టుకుని పోయాక నా కట్టలు ఒక్కటి మిగల్లేదమ్మా. నువ్వు రాని నాటి నుంచీ ఈగలు తోలుకుంటున్నాను. నీ చెయ్యి మంచిది. నువ్వు చేస్తేగానీ ఇవాళ తక్కెడ ముట్టను."

పచ్చి అబద్ధం. వెనక బండి దగ్గర బసవయ్యకు పొలమారింది. గంగామణి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కుప్పల దగ్గరికి వచ్చి చాట దించి, కొంగు ముడి విప్పి, ఉన్న బిళ్ల తీసి ఇచ్చింది. నాగేంద్రమ్మ దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, తక్కెడకు తాకించి, తోటకూర, బీరకాయలు, ఒక సొరకాయ చాటలో సర్దింది. ఈసారి గొంతు తగ్గించే మాట్లాడింది. గంగామణి వాటిని వెనక్కి పెట్టలేదు.

ఆ రోజు బేరం అంతంతమాత్రం. సాయంత్రం గంగామణి వచ్చే వేళకు నాగేంద్రమ్మ మిగిలిన సొరకాయలన్నీ బండిలో వేసి పైన గోనెసంచులు కప్పేసింది. "చూడు! ఒక్కటి మిగిలిందేమో చూడు!" అని ఖాళీ నేల చూపించింది. ఆ రాత్రి ఎడ్లు సొరకాయలు తిన్నాయి. "అబద్ధాలు ఆడేది నువ్వు, అరిగించుకునేది ఎడ్లు" అన్నాడు బసవయ్య. అన్నాడు గానీ, ఎడ్లకు సొరకాయలు తరిగి పెట్టింది ఆయనే.

అబద్ధం ఆ నోట పుట్టాక అంగడంతా పాకకుండా ఉంటుందా? మొదట నమ్మింది భీమ్లి. తండా నుంచి సీతాఫలాలు, చింతపండు తెచ్చి అమ్మే లంబాడీ ఆడమనిషి ఆమె. "నాకు గూడ జెయ్యి చెల్లే, నా పండ్లు గూడ పోవాలె" అని గంగామణిని పిలిచి కూర్చోబెట్టింది. తర్వాత లింగయ్య. తర్వాత వంకాయల వాళ్లు, పప్పుల వాళ్లు. ఇందరు పిలుస్తుంటే గంగామణి ఒకనాడు నవ్వి, "నా ఒక్క చెయ్యి అందరికి ఏడ సాలుతది? మా పక్కింటి లచ్చవ్వది గూడ మంచి చెయ్యే. గామెను గూడ పిలువున్రి" అంది. లచ్చవ్వ ఇంకో ఇద్దరిని చెప్పింది. చలికాలం పోయేసరికి అంగడి రోజు పొద్దున బీడీ కార్ఖానాకు పోయే ఆడవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో దుకాణంలో బోణి ఉండేది. ఉన్న చిల్లర ఇచ్చి చాటలో తాజా కూరతో వెళ్లేవాళ్లు. దయ చూపుతున్నామని అమ్మేవాళ్లు అనుకోలేదు. దయ తీసుకుంటున్నామని కొనేవాళ్లూ అనుకోలేదు. నాగేంద్రమ్మ మాత్రం ఎవరూ చూడకుండా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేది.

వేసవి చివర ఒక సాయంత్రం పోసాని ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, "అవ్వా, నీ ముక్కుపుడక మెరుస్తుంది" అంది. అప్పటికి దీపాలు పెట్టలేదు, పొద్దు మాత్రం గూకింది. నాగేంద్రమ్మకు ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని, అంగడి అంగడంతా ఉలిక్కిపడేలా గంగామణిని కేకేసింది.

వానాకాలంలో హన్మండ్లు పోయాడన్న కబురు వచ్చింది. బొంబాయిలో జ్వరం తగిలి చాలా రోజుల కిందటే చనిపోయాడని, అదే మిల్లులో పనిచేసి తిరిగొచ్చిన మనిషి ఒకతను చెప్పాడు. శవం లేదు, చివరి చూపు లేదు. ఎక్కడో ఎప్పుడో పోయిన మనిషి కోసం ఇక్కడ గంగామణి గాజులు తీసేశారు. ఆమె అంగడికి రావడం మానేసింది.

నాగేంద్రమ్మ భీమ్లి చేత ఒక గంపెడు కూరగాయలు పంపించింది. గంప అలాగే తిరిగొచ్చింది.

"తీస్కోలే అక్కా. ఇగ నా చెయ్యి బోణి చెయ్యి కాదని చెప్పుమన్నది" అంది భీమ్లి.

"మంచిగనే చెప్పింది" అన్నాడు లింగయ్య, ఉల్లిగడ్డలు ఏరుతూ. "గాజులు పోయిన చెయ్యి బోణికి పనికొస్తదా? మన దందాలు గూడ జూసుకోవాలె గద."

నాగేంద్రమ్మకు అప్పటికప్పుడు నాలిక చివరి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు. బయటికి వెళ్లేటప్పుడు విధవరాలు ఎదురైతే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే ఇంట్లో పెరిగింది తను. తానల్లిన అబద్ధానికే తాను జడిసింది. ఆ వారం, ఆ తర్వాతి వారాలు షావుకారు ఇంటి పనిమనిషి చేత బోణి చేయించుకుంది. బేరం ఎప్పటిలాగే ఉంది, ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. ఆమెకే కుదురు లేదు. తక్కెడ ఎత్తినప్పుడల్లా ఎవరో చూస్తున్నట్టు ఉండేది.

మళ్లీ కార్తీకం వచ్చింది. ఒక పొద్దున భీమ్లి సీతాఫలాల గంప దించుతూనే చెప్పింది. "నీ గంగామణిని జూసిన అక్కా, పోయిన అంగడికి. అందరు పోయినంక, ముసుగేసుకుని, గా చివర పారేసిన ఆకులు ఏరుకుంటున్నది. పోరి మురికి మోరీల పడ్డది. పెదవి పగిలింది. దానికి మల్ల కనబడ్తలేదు."

నాగేంద్రమ్మ చేతిలో ఉన్న తక్కెడను చూసుకుంది. దాన్ని గోనె మీద బోర్లించింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు బసవయ్య.

"బోణి కాలేదు" అంది.

మొదట వచ్చినామె బీరకాయలు అడిగింది. "బోణి కాలేదమ్మా" అంది నాగేంద్రమ్మ. "అయితే నేను చేస్త గద, ఇయ్యి" అంటే, "నా బోణి వేరే మనిషిది, ఆమె రావాలి" అంది. రెండో ఆమెకూ అదే చెప్పింది, తర్వాతి ఆమెకూ అదే. ఆ కబురు అంగడంతా పాకి, కొనేవాళ్లు కాకపోయినా చూసేవాళ్లు చేరారు. ఎండ ఎక్కింది. నాగేంద్రమ్మ గోనెపట్టా తడిపి ఆకుకూరల మీద కప్పింది. అది ఆరిపోతే మళ్లీ తడిపింది. బసవయ్య కుండలతో నీళ్లు మోశాడు. మోస్తూనే తిట్టాడు. "ఆ గంగామణి వస్తుందని నీకు ఎవరు చెప్పారే? రాకపోతే ఇదంతా ఎడ్లకేనా? ఇంట్లో ఉప్పు గల్లు లేదు."

వస్తుందని ఎవరూ చెప్పలేదు. భీమ్లి చేత కబురు పంపిద్దామనుకుంది గానీ, కబురు పంపితే అసలే రాదని ఊరుకుంది.

మధ్యాహ్నం షావుకారు గుమాస్తా వచ్చాడు. ఇంట్లో పెళ్లి ఉందట, బండి సరుకు మొత్తం కావాలన్నాడు. ఆయన చెప్పిన ధర విని బసవయ్య లేచి నిలబడ్డాడు. నాగేంద్రమ్మకూ మనసు పీకింది. సంవత్సరానికి సరిపడా ఉప్పు, తనకో కొత్త చీర, బండికి కొత్త ఇరుసు ఆమె కళ్లముందు వరసగా కదిలాయి. "రేపు రండి బాబూ, మా చేనికే రండి, కోసి ఇస్తాను. ఇవాళ ఇది అమ్మను" అంది. గుమాస్తా నవ్వి పక్క వరసకు వెళ్లాడు. బసవయ్య పెళ్లానికి వీపు తిప్పి బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలింది. చుట్టూ దుకాణాలు పలచబడ్డాయి. కార్ఖానా వైపు నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. వాళ్లలో గంగామణి లేదు. నాగేంద్రమ్మ ఆరిన గోనెపట్టాను మరోసారి తడిపింది. తన మూర్ఖత్వానికి తనకే ఏడుపొచ్చింది.

అప్పుడు అవతలి వరస చివర ఒక ముసుగు మనిషి ఆగడం కనబడింది. చెంగు పట్టుకుని ఒక పిల్ల. మసక వెలుతురులో నిండు కుప్పలు చూసి ఆగిపోయినట్టుంది. పిలవాలని నోటిదాకా వచ్చినా నాగేంద్రమ్మ పిలవలేదు. ఆ ముసుగు మనిషి మెల్లగా దగ్గరికి వచ్చింది.

"ఏందక్కా, ఏమైంది? ఇయ్యాల ఏం అమ్ముడువోలేదా?"

"అమ్మలేదు. బోణి కాలేదు."

గంగామణి బోర్లించిన తక్కెడను చూసింది, వాడకుండా తడిగుడ్డ కప్పిన తోటకూరను చూసింది. చక్రానికి ఆనుకున్న బసవయ్యనూ చూసింది. ఆమెకు అంతా తెలిసిపోయింది. రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

"నాకు ఎరుకేనక్కా."

"ఏం ఎరుక?"

"నా చేతుల ఏం లేదని. మొదటి నాడే ఎరుక. గోనెసంచుల కిందికెల్లి సొరకాయ తొడిమె బయటికి కనబడ్డది. ఒక్కటి మిగల్లేదని నువ్వు అరుస్తున్నవ్, నేను గా తొడిమెను జూస్తున్న."

నాగేంద్రమ్మ వెనక్కి తిరిగి బండిలోని గోనెసంచులను చూసింది. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?" అంది.

"అంతకుముందు ఊకెనే ఇస్తనంటివి, తీస్కుంటే నా తల కిందికి వంగుతుండె. గా నాడు నువ్వు నా చెయ్యి మంచిదన్నవ్. నా పిల్లకు కూర అయితది, నా తల నిలబడ్తది. ఇద్దరం కలిసి ఒక అబద్ధం ఆడినం. ఏం తప్పయింది?" గంగామణి చేతులు ఇంకా కొంగు కిందే ఉంచుకుంది. "కని ఇప్పుడు గీ చెయ్యి జూసి ఎవ్వలు నమ్మరక్కా. నువ్వెందుకు నష్టపోతవ్? అమ్ముకోపో."

"మొదట అబద్ధమే, ఒప్పుకుంటాను" అంది నాగేంద్రమ్మ. గొంతు తగ్గించాలని చూసింది, చేతకాలేదు. "ఇన్ని రోజులూ నేనూ లింగయ్య లాగే భయపడ్డాను, అదీ ఒప్పుకుంటాను. అబద్ధమే అయితే ఇవాళ పొద్దుటి నుంచీ ఎందుకు కూర్చున్నానే? బండి సరుకుకు పెళ్లి బేరం వస్తే ఎందుకు పొమ్మన్నాను? నీ చెయ్యి పడందే నాకు తక్కెడ లేవడం లేదు. చూడు, పైకి లేస్తుందేమో నువ్వే చూడు!" అంటూ కొంగు కింద ఉన్న గంగామణి చెయ్యి పట్టి బయటికి లాగింది. గాజుల్లేని ఆ మణికట్టును అందరి ముందూ పట్టుకుని అలాగే ఉంది. ఆమె కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నాయి.

లింగయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. భీమ్లి మాత్రం మిగిలిన సీతాఫలాల గంప ఈడ్చుకుంటూ వచ్చి, "ఆడ అయినంక నాకు గూడ జెయ్యి చెల్లే" అంది.

గంగామణి కొంగు ముడి విప్పింది. ఇప్పుడే వచ్చిన కూలి అది. అందులోంచి ఒక బిళ్ల తీసి నాగేంద్రమ్మ చేతిలో పెట్టింది. నాగేంద్రమ్మ దాన్ని ఒక కంటికి అద్దుకుంది, రెండో కంటికి అద్దుకుంది. తక్కెడ సరిగా తిప్పి, దానికి తాకించింది.

"అయింది!" అని కేక వినబడింది. ఆ కేక బసవయ్యది. జీవితంలో ఎన్నడూ గొంతెత్తని మనిషి లాంతరు వెలిగించి చేత్తో ఎత్తి పట్టుకుని, "బోణి అయిందమ్మా! రండి! దీపాలవేళ ధరకే, రండి!" అని అరుస్తున్నాడు.

కార్ఖానా నుంచి వచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో నిలబడిపోయారు. నిగనిగలాడే వంకాయల కుప్పలు, లేత బీరకాయలు, తడి గోనె కింద నుంచి తలెత్తి చూస్తున్న తోటకూర కట్టలు. ఎవరూ వాటిలో చెయ్యి పెట్టడం లేదు. చేతిలో కూలి పట్టుకుని ఇంత సరుకు ముందు ఎన్నడూ నిలబడి ఎరగరు వాళ్లు. ఈ వేళకు వాళ్ల కోసం ఎప్పుడూ ఇలా ఏమీ మిగిలి ఉండలేదు.

"గివి అన్ని మాకేనా అక్కా?" అని లచ్చవ్వ మెల్లగా అడిగింది.

నాగేంద్రమ్మ ఆ మాటకు తక్కెడ కింద పెట్టింది. ఇన్నేళ్లూ పొద్దున్నే పరుగెత్తుకుని రావడమే తెలుసు తనకు. ఎవరి కోసం పరుగెత్తుతున్నానో ఎప్పుడూ ఆలోచించలేదు. "మీకే" అంది. "ఇక నుంచి నా బండి మధ్యాహ్నం దాటాకే వస్తుంది. నా బోణి గంగామణిది. అది అయ్యేది దీపాలవేళకే. షావుకార్లు కావాలంటే అప్పటిదాకా కాచుకుంటారు." బసవయ్య లాంతరు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చున్నారు. సందడి మొదలైంది. ఆ సందట్లో పోసాని తల్లి కొంగు వదలకుండా ముందుకు జరిగి, పగిలిన పెదవితో, ఎటో చూస్తూ చెయ్యి చాచింది. చేతికి ఒక తోటకూర కట్ట తగిలింది. కాడలు తడిమింది, ఆకులు తడిమింది. ఈసారి ఎవరూ కసరలేదు. ఒక కాడ వేళ్ల మధ్య పెట్టి విరిచింది. అది పొద్దుటి అంగడి కూరలాగా టప్పుమని విరిగింది.

"అవ్వా" అంది పోసాని నవ్వుతూ, "ఇంకా పొద్దు గూకలేదా?"